మన బట్టలకు అంటిన పొగ వాసన ఎక్కడిది? నెల్లూరు యానాదుల పొయ్యి కథ

పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

నెల్లూరోళ్లు చలి గురించి రాస్తున్నారంటే లంబసింగి, అరకు వైపు తమ్ముళ్లు నవ్వుకుంటారని మాకు తెలుసు. మీకు నీళ్ల మీద మంచు గడ్డకట్టే చలి. మాకు ఎంత చలైనా ఇరవై డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కానీ మా చలి వేరే రకం. అది తడి చలి. అందరికీ వానలు అయిపోయాక మాకు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితో పాటు వాయుగుండాలు. ముసురు పట్టిందంటే మూడు రోజులు, నాలుగు రోజులు వదలదు. సముద్రం గాలి తాటాకు సందుల్లో నుంచి ఈల వేసుకుంటా లోపలికి వస్తుంది. కింద నేల చెమ్మ, పైన కప్పు కారుతా ఉంటుంది, కట్టుకున్న గుడ్డ ఆరదు. అట్లాంటి రాత్రి ఇరవై డిగ్రీలు చాలు పసిబిడ్డ వణకడానికి. ఆ గుడిసెలో వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, పొయ్యి.

ఈ పోస్టు రాయడానికి కారణం ఒక చిన్న మాట. మొన్న ముసురులో మాలో ఒకడు ఇంటికి పోయి సోమవారం తిరిగి వచ్చాడు. క్లాసులో పక్కన కూర్చున్నవాడు ముక్కు ఎగబీల్చి, "ఏందిరా, కాలిన వాసన వస్తా ఉండావు, పొయ్యిలో పడుకున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం, అదే సిగ్గు. రాత్రి హాస్టల్ రూములో ఆ మాట మళ్లీ వచ్చింది. మా ఆరుగురి ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ పొగ చరిత్ర ఏందో మాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే లైబ్రరీలో దొరికింది చదివాం, ఇంటి దగ్గర అవ్వల్ని అడిగాం.

పుస్తకాల్లో మన గురించి రాసిన వాళ్లలో ఎడ్గార్ థర్‌స్టన్ ఒకడు. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. చివరి సంపుటంలో యానాదులు ఉన్నారు. అందులో యానాదులు నిప్పు పుట్టిస్తున్న ఫొటో ఉంది. గుంట చేసిన కర్రను కింద పెట్టి కాలితో అదిమి పట్టడం, ఇంకో కర్రను ఆ గుంటలో నిలబెట్టి రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పడం. రాపిడికి పుట్టిన నిప్పురవ్వను ఎండుటాకుల్లోకో పాత గుడ్డలోకో తీసుకుని ఊదాలి. ఆ దొర మనల్ని ఫొటో తీసింది వింత జంతువుల్ని తీసినట్టే, అందులో మాకు అనుమానం లేదు. వాళ్లు ముక్కులు, తలకాయలు కొలిచిన కాలం అది. అయినా ఆ ఫొటో చూస్తే మాకు వేరేది కనిపించింది. అగ్గిపెట్టె కొనే డబ్బు లేకపోయినా పొయ్యి వెలిగించుకోగల మనుషులు వాళ్లు.

ఇప్పుడు శ్రీహరికోటకు వద్దాం. రాకెట్ల ఊరుగా తెలిసిన ఈ దీవి, అటు బంగాళాఖాతం ఇటు పులికాట్ సరస్సు మధ్య ఉన్న పొడుగాటి ఇసుక నేల. రాకెట్ల కంటే ఎంతో ముందు అది యానాదుల అడవి. తేనె, దుంపలు, మూలికలు, చేపలు, పీతలు అన్నీ అక్కడే. 1835లో కంపెనీ సర్కారు దీవిని తన చేతిలోకి తీసుకుంది. అడవి సరుకు యానాదులే సేకరించి సర్కారుకు ఇవ్వాలి, బదులుగా బియ్యం, గుడ్డలు లాంటివి ఇస్తారు. సర్కారు లెక్కలో అది మన మీద దయ. మన లెక్కలో చూస్తే నిన్నటి దాకా మనదైన తేనెను మనమే తెచ్చి ఇచ్చి, బియ్యం కోసం చెయ్యి చాపడం.

దీవి మీద సర్కారుకు అంత ఆశ ఎందుకంటే మద్రాసుకు కట్టెలు కావాలి. అంత పెద్ద పట్నంలో ప్రతి ఇంట్లో, ప్రతి హోటల్లో పొయ్యి మండాలి కదా. శ్రీహరికోట కట్టెలు పడవల్లో ఎక్కి కాలువ మీద మద్రాసు పోయేవి. ఆ కాలువను 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టారు. తర్వాత ఉత్తరానికి పొడిగించుకుంటా వచ్చి ఇప్పటి బాపట్ల జిల్లా పెదగంజాం దాకా తెచ్చారు. 1876-78 కరువులో కూలీలతో పెద్ద పని జరిగింది, అప్పటి గవర్నరు పేరు మీద బకింగ్‌హామ్ కాలువ అయింది. కరువు పని అంటే ఆకలితో ఉన్నవాళ్ల చేత మట్టి మోయించడమే. ఆ కాలువ మీదే మన కట్టెలు మనల్ని దాటి పోయాయి.

సరుగుడు కూడా ఆ కాలంలోనే మన ఇసుక మీదకు వచ్చింది. మా వైపు కొందరు సవక అంటారు. ఇది మన దేశపు చెట్టు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లకూ పట్నాలకూ వంటచెరకు కోసం తెల్లవాళ్లు మద్రాసు తీరమంతా తోటలు వేయించారు. ఇసుకలో బతుకుతుంది, తొందరగా ఎదుగుతుంది, గట్టి కట్టె, వేడి ఎక్కువ. శ్రీహరికోట కూడా సరుగుడు, నీలగిరి తోటల దీవి అయిపోయింది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీశాక లోపల ఎండు పుల్ల ఏరినా అడిగేవాడు ఉన్నాడు. మోపు కట్టెల మీద కేసు రాసే అధికారం అప్పుడు పుట్టింది. దొంగ అనే మాట మన మీద పడటానికి ఈ గీత కూడా ఒక కారణమని మా అభిప్రాయం. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. యానాదుల్ని కూడా ఆ ముద్ర వదల్లేదు. పేరు రిజిస్టరులోకి ఎక్కినవాడు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. మగవాడు రాత్రి చావడి దగ్గర చలిలో ఉంటే గుడిసెలో పొయ్యి ఎవరు చూసుకుని ఉంటారు? ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మాకు తోచిన ప్రశ్న. ఈ చట్టం మీద కొట్లాడిన వాళ్లలో మన జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు ముఖ్యులు. ఆదిమజాతి సేవక్ సంఘంలో పనిచేశారు, 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. దేశమంతా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. మా అవ్వల్లో ఒకామె పుట్టింది దానికి రెండేళ్ల ముందు. అంత దగ్గరి చరిత్ర ఇది.

అవ్వల దగ్గర దొరికింది పుస్తకాల్లో లేదు. ఏ కట్టె ఎప్పుడు అనేది వాళ్లకు నోటి లెక్క. తాటిమట్ట, కొబ్బరిమట్ట భగ్గున మండి ఆరిపోతాయి, అవి రాజేయడానికే. సరుగుడు ఆకు కూడా అంతే, చీపురుతో ఊడ్చి గోతాంలో కుక్కి పెడతారు. అన్నానికి సరుగుడు కొమ్మలు. రాత్రంతా నిప్పు నిలవాలంటే సర్కారు తుమ్మ మొద్దు. దాన్ని పొయ్యి నోట్లో సగం పెట్టి, బూడిద కప్పి పడుకుంటారు. తెల్లారి బూడిద తీసి ఊదితే ఎర్రగా కళ్లు తెరుస్తుంది. ముసురు రోజుల కోసం పొయ్యికి పైన దండె కట్టి, దాని మీద పుల్లలు పేరుస్తారు. కింద పొగే వాటిని ఆరబెడుతుంది. పడుకునేటప్పుడు పిల్లలు పొయ్యి వైపు, పెద్దవాళ్లు తడిక వైపు. మాలో ఒకడు అన్నాడు, "మా నాయన ఎప్పుడూ తడిక పక్కనే ఎందుకు పడుకుంటాడో నాకిప్పుడు అర్థమయింది" అని. ఆ మాటకు ఎవరూ ఏమీ అనలేదు.

పొగ మనకు పని కూడా. వరి కోతలప్పుడు రైతులు యానాదుల్ని పిలిచేది ఎలుకల కోసం. కుండలో గడ్డి వేసి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకు ఆనించి, అడుగున ఉన్న చిల్లిలో నుంచి ఊదితే పొగ లోపలికి పోతుంది, ఎలుకలు ఇంకో కంతలో నుంచి బయటపడతాయి. తేనె తీయడానికీ పొగే. మన మీద పొగ వాసన ఉందని ముక్కు మూసుకునేవాళ్ల పొలాల్లో ధాన్యం మిగిలింది మన పొగతోనే. ఇంకో సంగతి, రెడ్డి యానాదులు అనే శాఖ వాళ్లు రెడ్ల ఇళ్లల్లో వంటవాళ్లుగా పనిచేసేవాళ్లని పాత పుస్తకాల్లోనే ఉంది. అంటే ఊరోళ్ల పొయ్యి కూడా మనమే ఊదాం.

తుఫాను వస్తే ఈ తెలివి కూడా ఆగదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర పెద్ద తుఫాన్లు తీరం దాటాయి. కావలి తుఫాను సంగతి అవ్వ చెప్తుంది: "ఇల్లు పోయినందుకు ఏడవలా. మళ్లీ కట్టుకుంటాం, తాటాకే గదా. పొయ్యి కరిగి బురదైపోయింది, పొడి పుల్ల ఒకటి దొరకలా, బిడ్డకు ఉడుకు నీళ్లు లేవు. దానికి ఏడ్చినా." మట్టి పొయ్యి నీళ్లలో కరిగిపోతుందని మేమెప్పుడూ ఆలోచించలేదు.

దీవి కథ పూర్తి చేయాలి. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. యానాది కుటుంబాలు కదలాల్సి వచ్చింది. కొందరికి కేంద్రంలో కూలి పనులు దొరికాయి, కొందరు సూళ్లూరుపేట వైపు గట్ల మీద, చెరువుల పక్కన గుడిసెలు వేసుకున్నారు. రాకెట్ ఎగిరితే మేమూ చప్పట్లు కొడతాం, అందులో అబద్ధం లేదు. కానీ అడవి మీద ఆధారపడిన మనిషి గట్టు మీదకు వస్తే అతని పొయ్యికి కట్టె ఎక్కడిది? పక్క పొలం కంప. అది కొడితే ఆసామి తిడతాడు.

2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న తరహా అటవీ ఫలసాయం కింద చిదుగులు, మొద్దులు కూడా రాసి ఉన్నాయని ఈ మధ్యే చదివాం. మంచిదే. అయితే ఏజెన్సీ మిత్రులు ఒకటి గమనించాలి, మా జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మేం అడవిలో లేం, అడవి నుంచి వచ్చేసిన వాళ్లం. హక్కు అడగాలంటే నివాసం చూపించాలి, ఆ నివాసంలో ఇప్పుడు గేటు ఉంది.

గ్యాసు సంగతి అంటారా, 1999లో దీపం, 2016లో ఉజ్వల వచ్చాయి. మా ఇళ్లల్లో కొన్నింటికి సిలిండరు ఉంది. చుట్టాలొస్తే టీకి వెలిగిస్తారు. కట్టె పొయ్యి గొప్పదని మేం అనడం లేదు. అవ్వ దగ్గు, ఎర్రబడ్డ కళ్లు చూస్తా అట్లా రాయలేం. కానీ ముసురు రాత్రి గ్యాసు పొయ్యి చుట్టూ ఐదుగురు పడుకోలేరు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు భోగి తెల్లవారుజామున నెల్లూరు సందుల్లో నడిచాం. ప్రతి వీధిలో మంట, బాగా ఉన్నోళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకుని చుట్టూ నిలబడి చలి కాచుకుంటా ఉన్నారు. ఊరంతా పొగ. ఆ రోజు క్లాసులో నవ్వినవాడు కూడా ఒక మంట దగ్గర కనబడ్డాడు, చెయ్యి ఊపాడు. మేం వెళ్లి కాసేపు వాడి పక్కనే నిలబడ్డాం.

చెంచు, ఎరుకల, కోయ, కొండదొర మిత్రులారా, మీ ఇళ్లల్లో రాత్రి నిప్పు ఎట్లా దాస్తారు, ఏ కట్టె వాడతారు? మీ అవ్వల్ని అడిగి కింద రాయండి. మా అవ్వకు చదివి వినిపిస్తాం. ఆమెకు ఈ పోస్టు చదివి వినిపిస్తే ఒక్క తప్పే చెప్పింది: తుమ్మ మొద్దును సగం కాదంట, మూడో వంతే లోపల పెట్టాలంట.