వంగిన ఎముక, నిటారు పన్ను

రంపచోడవరము చుట్టునుగల కొండలు తూర్పు కనుమలలోనివి. ఈ కనుమలలో విరివిగా కనుపించు ఒక శిలకు 1902లో భూగర్భశాస్త్రజ్ఞుడు వాకర్, ఖోండు గిరిజనుల పేరున ఖోండలైటు అని పేరిడెను. ఇట్టి శిలలు ఎండకు, వానకు యుగయుగములుగా క్షయించగా, వాటి రేణువులను వాగులును, ఏరులును సముద్రమునకు చేర్చినవి. భీమునిపట్నము తీరమునగల నల్లని ఇసుకలోని ఇల్మనైటు ఈ విధముగా చేరిన ఖనిజమే. అది ఇనుము, టైటానియము, ఆమ్లజనుల సమ్మేళనము. ఈ టైటానియమే నేడు పండ్లూడినవారి దవడయందు కృత్రిమదంతమునకు వేరై నిలుచుచున్నది.

ఈ కథ అనుకోకుండ మొదలైనది. 1952లో స్వీడను దేశమందలి లుండ్ నగరమున బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు కుందేలు కాలి ఎముకలో టైటానియపు గొట్టమునమర్చి, రక్తప్రసారమును పరిశీలించుచుండెను. పరిశోధన ముగిసిన పిమ్మట గొట్టమును తీయబోగా అది ఊడిరాలేదు. ఎముక లోహమునంటి పెరిగియుండెను! 1965లో ఆయన గోటెన్‌బర్గు నగరమున యోస్టా లార్సన్ అను రోగి దవడలో టైటానియపు మరలను నాటెను. 2006లో మరణించువరకు, అనగా సుమారు 40 సంవత్సరములు, అవి లార్సన్‌కు ఉపయోగపడినవి. 1982లో టొరాంటోలో జరిగిన సమావేశము తరువాత ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను.

ఇట్టి దంతమునకు మూడు భాగములుండును: ఎముకలోని మర, పైని పన్ను, రెంటిని కలుపు నడిమి ముక్క. ఈ నడిమి ముక్కకే అబట్‌మెంటు అని పేరు. మొదటి మరల నెత్తిన ఆరుపలకల దిమ్మ యొకటి ఉండెడిది. మరను ఎముకలోనికి త్రిప్పుటకే దానిని కల్పించిరి. తరువాత పన్ను తిరిగిపోకుండ పట్టి ఉంచుటకుకూడ అదియే పనికివచ్చెను. ఆరుపలకలుండుటచే నడిమి ముక్కను 60 డిగ్రీల అంతరమున ఆరు దిశలలో అమర్చవచ్చును.

కాని ఎముక వైద్యుని ఇష్టప్రకారము ఉండదు. పన్ను ఊడినచోట అది క్రమముగా కరగిపోవును. పైదవడలో గాలిగది అడ్డువచ్చును, క్రిందిదవడలో నరము అడ్డువచ్చును. అందుచే మరను వాలుగా నాటక తప్పదు. పన్ను మాత్రము నిటారుగా ఉండవలెను.

ఈ చిక్కు రైతులకు క్రొత్తది కాదు. నాగలికి ఏడికోలను బిగించునప్పుడు చీలను లోనికి కొట్టియో, కొంత వెలికి తీసియో కర్రు వాలును మార్చుదురు. చీల వదులైనచో నాగలి పనికిరాదు. కోణము మారవలెను, మార్చిన పిదప కదలరాదు. దంతశిల్పి ఎదుర్కొన్న సమస్యయు ఇదియే.

గుండు, గిన్నె కీలును వాడినచో ఏ కోణమైనను లభించును. కాని దానిని పట్టి ఉంచునది రాపిడి మాత్రమే. దినమునకు వేలసార్లు నమలు నోటిలో అది జారిపోవచ్చును. మరియొక ఉపాయము, ఏటవాలుగా కోసిన రెండు బిళ్ళలను ఒకదానిపై నొకటి ఉంచి త్రిప్పుట. ఒక్కొక్క బిళ్ళ వాలు 15 డిగ్రీలైనచో, త్రిప్పినకొలది మొత్తము వాలు 0 నుండి 30 డిగ్రీలవరకు మారును. అయితే అతుకులు పెరిగినకొలది వదులగు చోట్లును పెరుగును. అందుచే విరివిగా వాడుకలోనికి వచ్చినవి ముందే వంచి చేసిన 17, 30 డిగ్రీల ముక్కలు. 2003లో లిస్బన్ వైద్యుడు పాలో మాలో తన పద్ధతిని ప్రకటించెను. అందు నాలుగు మరలపైననే దవడ పండ్లన్నియు నిలుచును. వెనుక రెండు మరలను వాల్చి నాటి, వాలును ఇట్టి ముక్కలతో సరిదిద్దుదురు.

వాలునకు మూల్యము కలదు. మర 30 డిగ్రీలు వాలినచో, పైనుండి పడు బలములో సగము దానిని ప్రక్కకు వంచజూచును, ఏలయన సైన్ 30 విలువ సగము. 17 డిగ్రీలకు ఆ భాగము నూటికి సుమారు 29. సహజదంతము క్రింద మెత్తని పొర ఉండుటచే అది 25 నుండి 100 మైక్రానులవరకు కదలును. లోహపు మర కదలిక 3 నుండి 5 మైక్రానులే. కావున కోణములో చిన్న పొరపాటైనను భారము మరమేకుపైనను, ఎముకపైనను పడును. ఒంటిమరకంటె, పలుమరలను ఒకే కమ్మితో కలిపినప్పుడు ఈ భారము పంచుకొనబడును.

పన్నును సిమెంటుతో అంటించినచో కోణపుచిక్కు తగ్గును. కాని చిగురులోపల మిగిలిన సిమెంటు వాపు కలిగింపవచ్చును. మరమేకుతో బిగించినదానిని విప్పి బాగుచేయవచ్చును. అయితే మేకు రంధ్రము ముందుపంటి ముఖముననే తెరచుకొనునేమో! 2000 తరువాతి సంవత్సరములలో దీనికి పరిష్కారము లభించెను: గుండ్రని కొనగల తిరుగుడుపుల్లతో 25 డిగ్రీల వంపులోనుండికూడ మేకును త్రిప్పవచ్చును.

తెలుగునాటకును ఈ లోహముతో సంబంధము కలదు. 1973లో హైదరాబాదున స్థాపించిన మిశ్రధాతు నిగము టైటానియపు మిశ్రలోహములను చేయుచున్నది. అచ్చటి రక్షణ లోహపరిశోధనశాల రూపొందించిన పద్ధతితోనే 2011లో కేరళలోని చవరలో టైటానియపు స్పంజి కర్మాగారము ఆరంభమైనది.

కొండగ్రామపు వృద్ధునకు పన్ను వదులైన ప్రతిసారి పట్టణమునకు దిగివచ్చుట సులభము కాదు. అట్టివానికి కావలసినది ఎక్కువ కోణములకు తిరుగు కీలు కాదు, ఒకసారి బిగించిన పిదప కదలనిదియు, అవసరమైనచో సులభముగా విప్పదగినదియు. నాగలి చీలను చెక్కిన వడ్రంగి ఎరిగినదియు ఈ సూత్రమే.