రాయ్‌పూర్‌లో ఫోనుకూ ఆటకూ కుదరని జత

మొబైల్ ఆటలతో చదువు చెప్పాలి, పరీక్ష కూడా వాటితోనే పెట్టాలి అనగానే ప్రభుత్వాల చూపు ముందు ఫోన్ల మీద పడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2018లో రమణ్ సింగ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన కింద మహిళలకూ కాలేజీ విద్యార్థులకూ దాదాపు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు పంచుతానంది. డిసెంబరులో ప్రభుత్వం మారింది, పంపకం ఆగింది. కరోనాతో బడులు మూతబడ్డాక, 2020 ఏప్రిల్‌లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’ (మీ ముంగిట చదువు) కార్యక్రమం తెచ్చింది. సిగ్నల్ అందని ఊళ్లకు ‘బుల్టూ కే బోల్’ పేరిట పాఠాల ఆడియోను బ్లూటూత్‌తో ఫోను నుంచి ఫోనుకు పంపారు. అప్పటి ప్రయత్నాల్లో నాకు తెలివైనదిగా తోచేది ఇదే. జనం పాటలు పంచుకునే దారినే పాఠాన్నీ పంపింది. కాకపోతే పిల్లలు విన్నారే గాని ఆడలేదు.

ఆట సంగతి 2022 అక్టోబరులో రాష్ట్ర రాజధాని రాయ్‌పూర్‌లో మొదలైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో కనిపిస్తుంది. ఆ ఏడాది అందులో ఉన్న 14 ఆటల్లో కొన్ని పల్లె ఆటలివి: గిల్లీ డండా (మన బిళ్లంగోడు), భౌంరా అనే బొంగరం, బిల్లస్ అనే తొక్కుడుబిళ్ల, హరేలీ పండగనాటి గేడీ. గేడీ అంటే మెట్టు కట్టిన రెండు వెదురు కర్రలు. వాటి మీద నడుస్తూ కాలు నేలకు తగిలితే ఓడినట్టే, ఆ సంగతి వేరొకరు చెప్పక్కర్లేదు. బిళ్లంగోడులో దూరాన్ని కర్రతో కొలుస్తారు, పేచీ వస్తే మళ్లీ కొలుస్తారు. మూల్యాంకనమని పెద్ద పేరు పెట్టుకున్న పని అక్కడ ఆటలోనే జరిగిపోతోంది. ఉత్తర భారత పల్లెల్లో ఫోను ఆటలతో ఇంగ్లిషు నేర్పబోయిన పరిశోధకుడు మాథ్యూ కామ్ బృందం కూడా చివరికి పల్లె ఆటల దగ్గరికే వచ్చింది. వాళ్ల తొలి ఆటల తీరు పల్లె పిల్లలకు అంతుపట్టలేదు. దాంతో 28 సంప్రదాయ ఆటలను పరిశీలించి, 2009లో ఆ వివరాలు ప్రచురించారు.

ఊరికో నియమం ఉండే ఆటతో రాష్ట్రమంతటికీ ఒకే కొలత ఎలా అని కొందరు అడుగుతారు. నిజమే, ఆ పనికి ఏడాది పరీక్ష ఉండనే ఉంది. పిల్లవాడు ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో టీచరుకు ఆ సాయంత్రమే తెలియాలంటే ఆట కావాలి. పాయింట్ల యావలో పాఠం పోతుందన్న భయమూ సరైనదే. ఊహించి నొక్కినా పాయింటు వచ్చే ఆటలో అలాగే జరుగుతుంది. అందుకే గేడీలాగా, నేర్వనిదే ముందడుగు పడని ఆట కావాలి. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందన్నది. ఆడపిల్ల వంతు ఆఖరికి రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. తొక్కుడుబిళ్లకు ఒక్కసారి గడులు గీస్తే నలుగురు వంతులవారీగా ఆడతారు. బడిలో ఒక్క ఫోను పెట్టి అదే పద్ధతిలో ఆడించే ఆటను తయారుచేయడానికి 50 లక్షల ఫోన్లు అక్కర్లేదు.