జగన్నాథపు బాట

1831వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ముగించుకొని కలకత్తా చేరెను. మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఈ పెద్దమనిషి పోవునప్పుడు కడప, హైదరాబాదు, నాగపురముల దారిని పోయెను; మరలునప్పుడు కలకత్తానుండి జగన్నాథము, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణముల మీదుగా తూర్పుతీరము వెంట దిగివచ్చెను. 1830 మే 18వ తేదీన బయలుదేరినవాడు 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. ఆయన యాత్రాచరిత్ర 1838లో అచ్చుపడినది మొదలు మనవారు దానిని చదువుచునే యున్నారు. ఆనాటి ధరవరలకు, ఆచారములకు, భాషకు దానిని తరచి చూచినంతగా ఆయన పల్లకి సాగిన బాటను మనము తరచి చూచినట్లు తోచదు. ఆ బాటకు ఒక చరిత్ర కలదు. అందు తెలుగువారికిని పాలు కలదు.

కలకత్తానుండి పూరీవరకు ఆ దారి సుమారు మూడువందల మైళ్లు. హుగ్లీ నదికి పడమటి గట్టుననున్న ఉలుబేరియా మొదలుకొని మేదినీపురము, నారాయణగడ్, దాంతన్ గ్రామములు దాటి, జలేశ్వరమున ఒరియా నేలను త్రొక్కి, బాలేశ్వరము, భద్రకము, కటకముల మీదుగా అది పూరీ చేరును. బంగాళీలును ఒరియావారును దానిని జగన్నాథసడక్ అందురు. పట్టణములకన్న పల్లెలే మిక్కుటముగా గల దారి. వరిచేలు, తాటితోపులు, చెరువుగట్లు, వానకాలమున కనుచూపుమేర నీరు. పటముమీద చూచినచో తిన్ననిగీతవలె కనబడును గాని, నడచినవానికి అది గీత కాదు, నదుల వరుస. దామోదరము, రూపనారాయణము, కాంసావతి, సువర్ణరేఖ, బుడాబలంగము, సాలంది, వైతరణి, బ్రాహ్మణి, విరూపా, మహానది, కాఠజోడి, భార్గవి. పడమటి కొండలనుండి తూర్పు కడలికి పారు ప్రతి యేరును ఈ దారికి అడ్డుపడవలసినదే. ఈ బాట కథ నిజమునకు ఈ నదుల కథయే యని నా అభిప్రాయము.

కంపెనీవారు ఈ బాటను నిర్మించిరని గ్రంథములలో చదువుదుము. అది సగము నిజము. క్రీస్తుశకము ఏడవ శతాబ్దమున హ్యూయన్ త్సాంగు తామ్రలిప్తి ప్రాంతమునుండి ఓఢ్ర, కళింగ దేశముల మీదుగా ఆంధ్రమునకును ధాన్యకటకమునకును వచ్చినది ఈ తీరముననే. పదునొకండవ శతాబ్దమున రాజేంద్రచోళుని సేనలు గంగవరకు పోవుచు జయించిన దండభుక్తి ఈ దాంతన్ ప్రాంతమే యని పండితుల ఊహ. దాంతన్‌కు చేరువనున్న మొగల్‌మారిలో కలకత్తా విశ్వవిద్యాలయమువారు 2003 తరువాత త్రవ్వకములు జరిపి బౌద్ధవిహారమును వెలికితీసిరి. ఆ చుట్టుపట్లనే 1575లో అక్బరు సేనలు బంగాళ సుల్తాను దావూద్‌ఖానునితో పోరాడినవి. చైతన్యుడు 1510లో పూరీకి వచ్చి, అటుపిమ్మట దక్షిణమునకు నడచి, గోదావరీతీరమున రామానంద రాయలను కలిసికొనెను. ఇన్ని కాళ్లు త్రొక్కిన దారిని పందొమ్మిదవ శతాబ్దమున ఎవరో క్రొత్తగా కనిపెట్టిరన్నచో నమ్ముట కష్టము.

అన్నిటికన్న నాకు ముఖ్యముగా తోచు సాక్ష్యము రాజులది కాదు, పిండములు పెట్టువారిది. గయాసురుని శిరస్సు పడినచోటు గయ యనియు, నాభి పడినచోటు వైతరణీతీరమున జాజపురమనియు, పాదములు పడినచోటు మన పిఠాపురమనియు జనుల విశ్వాసము. శిరోగయ, నాభిగయ, పాదగయ. మూడింటిలో రెండు ఈ తీరమార్గమును అంటియున్నవి. తల్లిదండ్రుల ఋణము తీర్చుకొన బయలుదేరినవారికి ఈ దారి గుర్తుండుటకు మైలురాళ్లతో పనిలేకపోయెను.

ఇక కంపెనీవారి సంగతి. వారికి ఈ దారి మొదట కావలసినది భక్తికి గాదు, దండయాత్రకు. బంగాళపు సిపాయిలు ఓడ యెక్కుటకు సమ్మతింపరు. మదరాసు వైపున హైదరాలీతోను, పిదప టిప్పూతోను యుద్ధములు. 1781లో కల్నల్ పియర్సు పటాలమును మేదినీపురము వైపునుండి మహారాష్ట్రుల ఏలుబడిలోనున్న ఒరిస్సా గుండ నడిపించుకొని మదరాసు చేరవలసివచ్చెను. పరుల నేలమీదుగా సేనను నడుపుట యెంత చిక్కో అప్పుడే తెలిసినది. 1803లో హార్‌కోర్టు గంజామునుండి బయలుదేరి పూరీని, కటకమును పట్టుకొనుటతో బంగాళమును మదరాసును కలుపు నేల కంపెనీకి చిక్కెను. ఆ వెనుకనే బాట ఆలోచన.

ధనము కొంత కలకత్తా వర్తకుని మూటనుండి వచ్చినది. బడాబజారు చెంతనున్న పోస్తా రాజవంశమువాడగు రాజా సుఖమయ రాయ్ ఈ బాటకై లక్షాయేబదివేల రూపాయలు దానము చేసెను. బంగాళా బ్యాంకు తొలి డైరెక్టర్లలో భారతీయుడు ఇతడొక్కడే. నాణెముల లెక్క తెలిసినవాడు, పుణ్యముల లెక్కయు తెలిసినవాడు. 1812 ప్రాంతమున మొదలైన పని 1825 ప్రాంతమునకు ఒక కొలిక్కి వచ్చెను. కట్ట పోసిరి, చిన్నవాగులమీద ఇటుకతోను రాతితోను వంతెనలు కట్టిరి, సత్రములు లేచినవి. పెద్దనదుల జోలికి మాత్రము పోలేదు. అక్కడ పడవలే గతి. అనగా వేసవిలో బాట, వానకాలమున బాట తునకలు. రథయాత్ర వచ్చునది ఆషాఢమున!

దానమిచ్చినవాడు ఇయ్యగా, పుచ్చుకొన్నవారు ఊరకుండలేదు. 1806 మొదలు కంపెనీ పూరీ యాత్రికులనుండి సుంకము తీసికొనెను. ఉత్తరమునుండి అఠారనాలా వంతెనమీదుగా వచ్చు ధనిక యాత్రికునకు పది రూపాయలు, దక్షిణమునుండి లోకనాథ ఘట్టము వైపున వచ్చువానికి ఆరు. పదునెనిమిది కమానుల ఆ ప్రాతవంతెన కంపెనీవారు కట్టినది గాదు, అయినను కావలివాడు వారివాడే. విలాయతులో క్రైస్తవ ప్రచారకులు, విగ్రహారాధన వలన వచ్చు పైకము మనకేల యని గోల చేయగా 1840లో ఆ సుంకము పోయెను. పేదల మొర విని తీసివేసినది కాదన్నమాట.

ఈ బాటకు నిజమైన పరీక్ష 1866లో వచ్చెను. ముందటియేడు వానలు తప్పినవి. ధాన్యము నిల్వలు చాలునని కటకపు కమిషనరు రేవెన్‌షా తలచెను. కలకత్తాలోని రెవిన్యూబోర్డు పైనుండి బియ్యము పంపుట అనవసరమని కూర్చుండెను. తెలివి వచ్చి పంపబోవునప్పటికి నైరృతి ఋతుపవనము దిగెను. కడలిలో ఓడలు సరకు దింపలేవు. నేలమీద నదులు పొంగి బాటను తెగగొట్టినవి. కలకత్తాలో బియ్యముండెను, బాలేశ్వరములో ఆకలి యుండెను, నడుమ ఈ మూడువందల మైళ్ల సడక్కు ఉండెను. ఒరిస్సాలో దాదాపు పదిలక్షలమంది, మూడింట ఒకపాలు జనము, నశించిరి. తెలుగువారు గల గంజాము సీమకును ఆ బాధ తప్పలేదు. కమిషను కూర్చున్నది, అధికారుల తప్పులు ఎత్తిచూపినది. బోర్డువారి మొండితనము ఒక కారణమే, కాదనను. అయితే నలుబదియేండ్లు ఆ నదులను అట్లే విడిచినవారి తప్పు అంతకన్న పాతది. సేన ఆరునెలలు ఆగి నడువవచ్చును, సుంకము వేసవిలో వసూలు చేసికొనవచ్చును. ఆకలికి గడువు లేదు.

ఆ తరువాత చాందబాలి రేవు పెరిగినది. యాత్రికులు కాలినడక మాని కలకత్తాలో పొగయోడ యెక్కసాగిరి. 1887 మే 25న సర్ జాన్ లారెన్స్ అను ఓడ ఏడువందలకు పైబడిన జనముతో తుపానులో మునిగెను. వారిలో పెక్కుమంది స్త్రీలు. బాటమీద విషూచికతో చచ్చువారు ఒక్కరొక్కరుగా చచ్చిరి, లెక్కలో కనబడలేదు. వీరందరును ఒక్కనాడే పోయిరి. రవీంద్రనాథుడు ఆ సందర్భమున కవిత వ్రాసెను. కొందరు ఆంగ్లస్త్రీలు వేయించిన స్మారకశిల కలకత్తా స్ట్రాండు రోడ్డు ప్రక్కనున్న స్నానఘట్టమున నున్నది. పరదేశపు స్త్రీలు, తామెన్నడును చూడని పల్లెటూరి ఆడువారికై వేయించిన శిల. పూరీబాటకు సంబంధించిన గుర్తులలో ఇంతగా మనసును పట్టునది మరియొకటి లేదు.

నదులను జయించినది బాట కాదు, ఇనుపదారి. 1893 మొదలు 1896 వరకు బెజవాడనుండి కటకము దాక తూర్పుతీరపు రైలుమార్గము పడెను. 1900లో రూపనారాయణముమీద కోలాఘాట్ వంతెనయు, మన గోదావరిమీద హేవ్‌లాకు వంతెనయు తెరువబడెను. బంగాళా–నాగపురపు రైలువారు ఖరగపురమున కర్మాగారము పెట్టగా శ్రీకాకుళ, విశాఖ, గంజాము సీమలనుండి తెలుగు కుటుంబములు అక్కడికి తరలిపోయినవి. మేదినీపురమునకు ప్రక్కనే, వీరాస్వామయ్య పల్లకి సాగిన బాటకు చేరువనే, నేడు తెలుగు వినబడు వీధులున్నవి. ఆయన బాటసారిగా దాటిపోయిన నేల వీరికి కాపురమైనది.

రైలు వచ్చిన పిదప సడక్కు పల్లెబాటయై, సంతలకును ఎడ్లబండ్లకును మిగిలెను. మరల దానికి దశ తిరిగినది ఇరువదియొకటవ శతాబ్దములోనే. స్వర్ణచతుర్భుజి పథకమున నాలుగు వరుసల రహదారి పడెను. కలకత్తానుండి ఖరగపురమువరకు ఆరవది, బాలేశ్వరమువరకు అరువదవది, అటనుండి చెన్నపట్టణమువరకు అయిదవది యను లెక్క పోయి, 2010లో అంతయు పదునారవ జాతీయరహదారి యయ్యెను. దాదాపు పదునేడువందల కిలోమీటర్లు. ఇచ్ఛాపురము మొదలు తడవరకు తెలుగునేలను పొడుగునా చీల్చుకొనివచ్చునది ఆ దారియే. నేడు ఏ నదియు లారీని ఆపదు. వానకాలమున బియ్యము ఆగదు.

క్రొత్తదారి తిన్ననిది కావలసి, ప్రాతమజిలీలను కొన్నింటిని ప్రక్కకు నెట్టినది. మేదినీపురము తప్పిపోయెను. పిండప్రదానమునకు జాజపురము పోదలచినవాడు పానికోయిలి వద్ద రహదారిని విడిచి, చిన్నదారిన తూర్పునకు మరలవలెను. వైతరణి ఒడ్డున విరజాదేవి గుడి అక్కడ నున్నది.