దివిటీ పట్టిన జట్టు: కలకత్తా ఫుట్‌బాల్ అభిమానుల తర్కానికి ఒక చరిత్ర

హౌరా స్టేషను విడిచి ఉత్తరంగా సాగే లోకల్ రైలుకు మొట్టమొదట ఎదురయ్యే స్టేషను లిలువా. ఈస్ట్ ఇండియన్ రైల్వే 1900లో అక్కడ నెలకొల్పిన కార్ఖానాలో రైలు పెట్టెలు, వ్యాగన్లు తయారయ్యేవి, మరమ్మతులు జరిగేవి. 1943లో నేటి హౌరా వంతెన రాకపూర్వం ఈ కార్మికవాడల వారు పడవల మీద పరచిన పాత తేలు వంతెన దాటి కలకత్తా చేరేవారు. వారిలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవారి గమ్యం మైదానం. చెక్క గ్యాలరీలో చోటు దొరకనివారు ఫోర్ట్ విలియం కోటకట్ట మీద నిలబడి ఆట చూసేవారు. తిరిగివచ్చాక అసలు ఆట మొదలయ్యేది. మన పల్లెల్లో అరుగు ఎటువంటిదో, బెంగాలీ వీధుల్లో ఇంటి ముందరి 'రొయాక్' అటువంటిది. ఎవరిని ఆడించి ఉండవలసింది, ఎవరిని అనవసరంగా తెచ్చారు, వచ్చే ఏడాది జట్టు మొదటి డివిజన్‌లో నిలుస్తుందా, జారిపోతుందా అనే ప్రశ్నల మీద జరిగే ఈ వాదోపవాదాలకు నూరేళ్లు నిండాయి.

ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టుకే అటువంటి ఒక తగవు. 1920లో కూచ్‌బిహార్ కప్పులో మోహన్ బగాన్‌తో తలపడిన జోడాబాగాన్ క్లబ్బు, శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి జట్టులోకి తీసుకోలేదు. అతడు తూర్పు బెంగాల్ వాడు కావడమే కారణమని భావించిన ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి క్లబ్బు విడిచి, మరికొందరితో కలిసి ఆగస్టు 1న కొత్త క్లబ్బు స్థాపించాడు. పదకొండుమంది ఎంపికలో ఒక్క పేరు తప్పిపోవడం ఒక మహానగరాన్ని రెండు శిబిరాలుగా చీల్చడం క్రీడాచరిత్రలో అరుదు. పశ్చిమ బెంగాల్ మూలవాసులైన 'ఘొటి'లది మోహన్ బగాన్, పద్మానది ఆవలి నుండి వచ్చిన 'బాంగాల్'లది ఈస్ట్ బెంగాల్. మొదటివారు గెలిస్తే బజారులో రొయ్య ధర, రెండవవారు గెలిస్తే పులస ధర పెరుగుతుందని లోకోక్తి. (బెంగాలీలు ఇలిశ్ అని ప్రాణప్రదంగా పిలుచుకునేది మన గోదావరి పులసనే కనుక, ఈ పక్షపాతం తెలుగువారికి సులభంగానే అర్థమవుతుంది.)

మొదటి డివిజన్‌లో చోటు సంపాదించడం ఆనాటి భారతీయ క్లబ్బులకు కేవలం ఆటకు సంబంధించిన విషయం కాదు. ఆ డివిజన్‌లో భారతీయ జట్లు రెండింటికి మించి ఉండరాదని నియమం. మోహన్ బగాన్, ఆర్యన్ అప్పటికే ఆ రెండు స్థానాలనూ ఆక్రమించి ఉన్నాయి. 1924లో ఈస్ట్ బెంగాల్ రెండవ డివిజన్‌లో కామెరోనియన్స్ సైనికదళపు 'బి' జట్టుతో సమానంగా అగ్రస్థానంలో నిలిచింది. ఆ దళపు ప్రధాన జట్టు పైన ఆడుతున్నందున 'బి' జట్టు పైకి రావడానికి వీలులేదు. నియమం అడ్డం వచ్చినది ఈస్ట్ బెంగాల్‌కే. పెద్ద వివాదం రేగి, చివరకు ఆ నియమాన్ని ఎత్తివేశారు. ఈ మార్పును సాటి భారతీయ క్లబ్బులే వ్యతిరేకించగా ఆంగ్లేయ క్లబ్బులు బలపరచాయని ఈస్ట్ బెంగాల్ వర్గాలవారు నేటికీ చెప్పుకుంటారు. 1925 మే 28న జరిగిన తొలి లీగ్ పోరులో నేపాల్ చక్రవర్తి చేసిన ఏకైక గోలుతో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను ఓడించింది.

ఆ సంతోషం మూడేళ్లకు మించి నిలవలేదు. 1928లో జట్టు రెండవ డివిజన్‌కు జారిపోయింది. అదే సంవత్సరం లిలువా కార్ఖానాలో కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య తీవ్ర సంఘర్షణ నడిచింది. మార్చిలో బామన్‌గాఛీ వద్ద కార్మికుల మీద కాల్పులు జరిగాయి. నెలల తరబడి పని లేక, కూలి లేక, జూలైలో గాని ఆ సమ్మె ముగియలేదు. ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం అంటగట్టడం పొరపాటు. అయినా, రోజుకూలి మీద బతికే మనిషికి తన జట్టు మీద అంత మమకారం ఎందుకని ఆశ్చర్యపడేవారు ఆ ఏడాదిని గుర్తుచేసుకోవడం మంచిది. జీవితంలో తన మాట చెల్లని మనిషికి, ఎవరిని ఆడించాలన్న విషయంలో నైనా నిస్సంకోచంగా తీర్పు చెప్పే హక్కు మైదానమే ఇచ్చింది.

రెండవ డివిజన్ నుండి బయటపడటం సులభం కాలేదు. 1930లో ఈస్ట్ బెంగాల్ అగ్రస్థానంలో ఉండగా శాసనోల్లంఘన ఉద్యమం ఉద్ధృతమై లీగ్ మధ్యలోనే నిలిచిపోయింది. తిరిగి పైకి వెళ్లే అవకాశం చేజారడంతో క్లబ్బు వారు, అభిమానులు మండే దివిటీలు చేతబట్టి నిరసన తెలిపారు. ఆ దివిటీయే, 'మషాల్', తరువాత క్లబ్బు చిహ్నమయింది. సాధారణంగా క్లబ్బులు విజయాన్ని చిహ్నంగా నిలుపుకుంటాయి. దిగువ డివిజన్‌లో చిక్కుకుపోయిన రోజుల కోపాన్ని నిలుపుకున్న క్లబ్బు ఇది. 1931లో రెండవ డివిజన్ గెలిచి జట్టు పైకి వచ్చింది. లీగ్ విజేత కావడానికి మాత్రం 1942 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఈ నిరీక్షణలో నుండే మరొక పాత తగవు తలెత్తింది. బయటి ప్రాంతాల నుండి ఆటగాళ్లను తేవచ్చునా? 1934లో లీగ్ గెలిచిన తొలి భారతీయ జట్టుగా నిలిచి, 1938 వరకు వరుసగా ఐదేళ్లు విజేతగా వెలిగిన మొహమ్మడన్ స్పోర్టింగ్ దేశం నలుమూలల నుండి ఆటగాళ్లను చేర్చుకుని దారి చూపింది. ఈస్ట్ బెంగాల్ దక్షిణాది వైపు దృష్టి సారించింది. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమద్ ఖాన్, సాలె అనే ఐదుగురు ముందువరుస ఆటగాళ్లకు బెంగాలీ అభిమానులే 'పంచపాండవులు' అని పేరు పెట్టారు. వీరిలో అప్పారావు ఆంధ్రదేశం వాడు. వీరి ఆటతో 1949, 1950, 1951లలో ఐ.ఎఫ్.ఏ. షీల్డును జట్టు వరుసగా గెలుచుకుంది. దేశవిభజనతో ఇల్లూ వాకిలీ వదలి వచ్చి, రైలుమార్గం వెంబడి వెలసిన కాలనీలలో తలదాచుకున్న కాందిశీకులకు ఈ దక్షిణాదివారే వీరులయ్యారు. పోగొట్టుకున్న జన్మభూమి పేరు గల జట్టును నిలబెట్టినవారు ఆ భూమిని ఎన్నడూ చూడనివారు.

అదే కాలంలో హైదరాబాదులో మరొక పద్ధతి రూపుదిద్దుకుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తాలో క్లబ్బు కార్యవర్గమే జట్టును నిర్ణయించే రోజుల్లో, హైదరాబాదులో ఆ అధికారం శిక్షకుడిది. శిక్షకుడు అనేవాడు జట్టుకు ఎంత అవసరమో దేశానికి తెలియజెప్పింది రహీం అనడం అతిశయోక్తి కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం ఆయన సాధించిపెట్టినవే.

శిక్షకుని విలువ కలకత్తాకు తెలిసివచ్చినది రైల్వేవారి వల్ల. 1958లో ఈస్టర్న్ రైల్వే జట్టు కలకత్తా లీగ్ గెలిచింది. దాని శిక్షకుడు బాఘా సోమ్, ముందువరుసలో పి.కె. బెనర్జీ. ధనబలంలోగాని, అభిమానుల సంఖ్యలోగాని మూడు పెద్ద క్లబ్బులకు సాటిరాని ఆ జట్టు వాటిని దాటిపోయింది. మళ్లీ ఆ మూడింటిని కాదని మరొక జట్టు లీగ్ గెలవడానికి 61 ఏళ్లు పట్టింది. 2019లో పీర్‌లెస్ జట్టు గెలిచింది.

బెనర్జీ ఆటగాడిగా పెద్ద క్లబ్బుల పిలుపుకు లొంగక రైల్వేలోనే ఉండిపోయాడు. శిక్షకుడుగా మాత్రం ఆయన చుట్టూనే అభిమానుల తగవులన్నీ తిరిగాయి. ఆయన ఆధ్వర్యంలో ఈస్ట్ బెంగాల్ 1975 సెప్టెంబరు 30న షీల్డు ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించింది. మరుసటి ఏడాదే ఆయన మోహన్ బగాన్‌కు మారాడు. హైదరాబాదు సోదరులు హబీబ్, అక్బర్ అక్కడే చేరారు. 1976 లీగ్‌లో ఆట మొదలైన 17 సెకన్లకే అక్బర్ చేసిన గోలుతో ఈస్ట్ బెంగాల్ ఓడింది. వరుసగా ఆరేళ్లు చేతిలో ఉన్న లీగ్ కూడా ఆ ఏడాది పోయింది. ఇదివరకు దేవుడని కొలిచినవారే ఆయనను ద్రోహి అన్నారు. ద్రోహి అన్నవారు దేవుడన్నారు. ఏటా జరిగే 'దల్‌బదల్' ఘట్టంలో ఆటగాళ్లు ఎదుటి క్లబ్బు కంట పడకుండా కార్యకర్తలు వారిని రహస్యంగా దాచి ఉంచేవారు. అందుకు అవసరమైన ఆవేశం ఇటువంటి రోజుల నుండే వచ్చింది.

ఆ ఆవేశం ఎంత దూరం పోగలదో 1980 ఆగస్టు 16న తెలిసింది. ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట జరుగుతుండగా గ్యాలరీలో చెలరేగిన ఘర్షణలో, తొక్కిసలాటలో 16 మంది మరణించారు. ఏటా ఆ రోజును ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తారు.

దిగువకు జారిపోయే భయం మోహన్ బగాన్ అభిమానులకు చాలా ఆలస్యంగా అనుభవంలోకి వచ్చింది. 2012 డిసెంబరు 9న ఈస్ట్ బెంగాల్‌తో ఆటను రెండవ సగంలో ఆడ నిరాకరించినందుకు ఆ జట్టును ముందు నిషేధించి, తరువాత రెండు కోట్ల రూపాయల జరిమానాతో, అంతవరకు సంపాదించిన పాయింట్లన్నీ రద్దుచేసి ఐ-లీగ్‌లో కొనసాగనిచ్చారు. సున్నా నుండి మొదలుపెట్టిన జట్టు పదవ స్థానంతో గట్టెక్కింది. 1911లో ఆంగ్లేయ సైనిక జట్టును ఓడించి షీల్డు గెలిచిన క్లబ్బు అభిమానులు ఆ కొన్ని నెలలూ పాయింట్ల పట్టికను అడుగు నుండి పైకి చదివారు.

లిలువా దాటిన రైలు బేలూరు, బాలీ మీదుగా ఉత్తరపాడా చేరుతుంది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టి, రహీం శిక్షణలో ఎదిగి, 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన తులసీదాస్ బలరాం తన జీవిత చరమభాగం గడిపినది ఆ ఊళ్లోనే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్లు చేసిన ఆయన, 1961లో లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు నాయకుడు. 1963లో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారిన కొద్దికాలానికే అనారోగ్యం ఆయన ఆటను ముగించింది. హైదరాబాదుకు తిరిగి వెళ్లలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు.