నస్యం: మాట పాతది, సరుకు కొత్తది

వెనుకటి తరం తెలుగు పండితులను తలచుకుంటే ఉత్తరీయంతో పాటు నస్యపు డబ్బా కూడా కళ్ళ ముందు మెదులుతుంది. ప్రొద్దుటూరులో నాకు ప్రబంధ పాఠం చెప్పిన అయ్యవారికి ఆ డబ్బా లేనిదే పద్యం నడిచేది కాదు. ఆ పొడుమును నేను కూడా ఇరవై ఏళ్ళు పీల్చి మానుకున్నవాణ్ణే. కనుక ఈ వ్యాసాన్ని నస్యానికి స్తుతిగా భావించవద్దని చదువరులకు మనవి. ఆ పొడుము మూలంగా నేను చేసిన ఒక పొరపాటునూ, దాని వెనుకనున్న చరిత్రనూ చెప్పడమే నా ఉద్దేశం.

అయ్యవారు అంగట్లో దొరికే పొడుము ముట్టేవారు కారు. పులివెందుల నుంచి ఆయన బంధువొకరు తెచ్చే ఎండు పొగాకును ఈనెలు తీసి, పెనం మీద దోరగా వేయించి, మెత్తగా నూరి, తగుమాత్రం సున్నమూ, కాచిన నెయ్యీ కలిపి ఇంట్లోనే సిద్ధం చేసుకొనేవారు. సిద్ధమైన పొడుమును ఆయన పరీక్షించే తీరు చూడదగినది. మొదట వెలుతురులో రంగు చూసేవారు. తర్వాత బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య నలిపి నలుగు తెలుసుకొనేవారు. వ్రేళ్ళకు జిడ్డు అంటితే నెయ్యి మించిందన్న మాట. పొడిపొడిగా రాలిపోతే చాలలేదన్న మాట. అటుపైని డబ్బాను జానెడు దూరంలో ఉంచి వాసన చూసేవారు. మాడు వాసన వస్తే ఆకు ఎక్కువ వేగింది. ముక్క వాసన వస్తే నెయ్యి పాతది. ఇన్ని అయిన తర్వాతనే చిటికెడు తీసి ఒక్క ముక్కుకు మాత్రం అందించేవారు. వెంటనే భగ్గుమంటే సున్నం హెచ్చినట్టు. ఘాటు మెల్లగా ఎక్కి, కాసేపు నిలిచి, మంట మిగల్చకుండా దిగిపోతే "కుదిరింది నాయనా" అనేవారు. సున్నంలోని క్షారగుణం పొగాకులోని నికోటిన్ త్వరగా ఒంటికి పట్టేటట్టు చేస్తుందని నేను చాలా ఏళ్ళకు గాని చదువుకోలేదు. అయ్యవారి ముక్కుకు ఆ లెక్క ముందే తెలుసు.

పండిత శిక్షణ ముగించుకొని జమ్మలమడుగులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంచికకు వ్యాసం అడిగారు. వాగ్భటుని అష్టాంగహృదయంలో సూత్రస్థానం ఇరవయ్యో అధ్యాయం నస్యవిధి, ఇరవైయొకటవది ధూమపానవిధి. ఇంకేం కావాలి! పొడుమూ చుట్టా మన పూర్వులకు వేయి సంవత్సరాల కిందటే తెలుసునని, పాశ్చాత్యులు మన దగ్గర నేర్చుకున్నారని నాలుగు పుటలు నింపాను. అచ్చయిన సంచిక తీసుకొని గర్వంగా ప్రొద్దుటూరు వెళ్ళాను.

అయ్యవారు ఆసాంతం చదివి, ఒక పట్టు పట్టి, "నాయనా, మాట పాతదే. సరుకు పాతదేనా?" అన్నారు. నేను బదులు చెప్పలేకపోయాను. "వాగ్భటుడు ముక్కులో వేయమన్నది ఏమిటో చూసినావా?" అని మళ్ళీ అడిగారు. నిజానికి నేను అధ్యాయాల పేర్లు చూసి సంబరపడ్డానే గాని లోపలి ద్రవ్యాలను సరిగా చూడలేదు. అక్కడ చెప్పినవి ఔషధ తైలాలు, ఘృతాలు, చూర్ణాలు. ధూమానికి గుగ్గులు, అగరు వంటివి. నస్యకర్మ పంచకర్మల్లో ఒకటి, చికిత్స. అందులో పొగాకు లేదు, ఉండే వీలూ లేదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడలు మన తీరానికి రాకముందు ఈ దేశంలో దాన్ని ఎరిగినవారు లేరు.

ఇందుకు సాక్ష్యం మా జిల్లాలోనే ఉంది. కమలాపురం దగ్గరి కోకటం అల్లసాని పెద్దనకు రాయలిచ్చిన అగ్రహారమని ప్రసిద్ధి. కవిత్వం చెప్పాలంటే తనకేమేమి కావాలో పెద్దన ఏకరువు పెట్టినట్టు ప్రచారంలో ఉన్న చాటువు మనకందరికీ వచ్చినదే. అందులో తాంబూలం ఉంది, నస్యం లేదు. ఏ ఋతువులో అతిథికి ఏమి వడ్డించాలో వివరించిన ఆముక్తమాల్యదలోనూ పొగాకు ప్రసక్తి లేదు. రాయల పాలన 1509 నుంచి 1529 వరకు. ఆ కవులకు నస్యం అక్కరలేక కాదు, అది ఇంకా రాలేదు.

వచ్చిన తర్వాత మాత్రం అది వ్యాపించిన వేగం ఆశ్చర్యకరం. బిజాపూరు వెళ్ళి వచ్చిన అసద్ బేగ్ 1604-05 ప్రాంతంలో అక్బరుకు పొగాకునూ పొగగొట్టాన్నీ కానుకగా సమర్పించాడు. 1617లో జహంగీరు దాన్ని నిషేధించాడు. ఆ నిషేధం నిలవలేదు. పదిహేడో శతాబ్దంలో మన కోరమండల్ తీరం నుంచి పొగాకు పరదేశాలకు ఓడలెక్కింది. అటుపిమ్మట లండన్ నస్యపు వర్తకుల సరుకుల్లో మచిలీపట్నం పేరుతో ఒక రకం ప్రసిద్ధి పొందింది. పాశ్చాత్యులు మన దగ్గర నేర్చుకున్నారని రాశాను, జరిగింది తలకిందులు. ఆకు వారి ఓడల్లో వచ్చింది, పొడుమై తిరిగి వారి దేశానికే వెళ్ళింది.

భాషాభిమానులు గమనించదగిన విశేషం ఇంకొకటి. కొత్తగా వచ్చిన ఆకుకు మనవారు పొగ, ఆకు అనే రెండు తెలుగు మాటలను కలిపి చక్కని సమాసం కట్టారు. దాని పొడికి మాత్రం వైద్యశాస్త్రంలోని పాత పేరు తగిలించారు. పొగాకు అన్న పేరు వింటే అది ఎవరో పెట్టిన కొత్త పేరని తోస్తుంది. నస్యం అన్న పేరు వింటే వేదకాలం నుంచి ఉన్నట్టు తోస్తుంది. నేను మోసపోయింది అక్కడే. ఒలికిన అమృతపు చుక్క నుంచి పొగాకు పుట్టిందనే చాటువును గురజాడవారు 1909 నాటి కన్యాశుల్కంలో గిరీశం నోట పలికించారు. అది వేళాకోళమని అందరికీ తెలుసు. నా వ్యాసం కూడా ఆ జాతిదే, కాకపోతే నేను నవ్వకుండా రాశాను.

ఆనాటి నుంచి ఏ చాటువు చేతికి వచ్చినా అందులో పొగాకు గాని, అదే ఖండం నుంచి వచ్చిన మిరపకాయ గాని ఉన్నదేమో చూడడం నాకు అలవాటయింది. ఉంటే అది రాయల కాలపుదని ఎవరు చెప్పినా నమ్మను.

చివరి రోజుల్లో అయ్యవారిని చూడబోతూ మరువం కట్టిన పూలదండ తీసుకువెళ్ళాను. ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు ఊరుకున్నారు. "వాసన తెలియడం లేదు నాయనా, రెండేళ్ళయింది. నీవు మానెయ్" అన్నారు. పొడుములో నెయ్యి పాతదో కొత్తదో జానెడు దూరం నుంచి పసిగట్టిన ముక్కు అది. ఆ నెలలోనే నేను డబ్బా పారవేశాను. తర్వాత 2007లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ వెలువరించిన గ్రంథం పొగ లేని పొగాకును కూడా కాన్సర్ కారకాల్లో చేర్చింది.

ఆ పాత వ్యాసం ఎవరి ఇంట్లోనైనా ఇంకా ఉంటే, దాని పక్కన దీన్ని కూడా ఉంచవలసిందిగా కోరుతున్నాను. మీ ప్రాంతాల్లో పొడుము తయారీకి, దాని గుణదోషాలకు వాడే మాటలు తెలిసినవారు తెలియజేస్తే కృతజ్ఞుణ్ణి. ఆ అలవాటు పోయినా ఫరవాలేదు గాని, ఆ మాటలు పోకూడదు.