అచ్చుబట్ట నుంచి విద్యుత్ దేవకన్య దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, డి.ఎ. బకాయిల మీద రాసేవారు ఎలాగూ చాలామంది ఉంటారు గనుక, నేనొక చిత్రకారుడి గురించి రాస్తానన్నాను. ఆయన మన శాఖ మనిషి కాడు, మన దేశస్థుడూ కాడు. కానీ కరెంటు మీద 600 చదరపు మీటర్ల బొమ్మ వేసినవాడు. డ్రాయింగ్ సెక్షన్‌లో ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకు గీతలు గీస్తూ సర్వీసంతా గడిపిన నాకు ఆయన మీద అభిమానం ఉండడంలో వింత లేదు.

పేరు రావుల్ డూఫీ. 1877లో ఫ్రాన్సులోని లే హావ్ర్ అనే ఓడరేవులో పుట్టాడు. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు. పధ్నాలుగో ఏట చదువు మాని ఒక కాఫీ దిగుమతి కంపెనీలో గుమాస్తాగా చేరాడు. పగలు కాఫీ బస్తాల లెక్క, సాయంత్రం బొమ్మల బడి. కుడిచేయి మరీ సులువుగా సాగిపోతోందని, కావాలనే ఎడమచేత్తో గీయడం అలవాటు చేసుకున్నాడని చెబుతారు. 1900లో ఊరివారిచ్చిన ఉపకారవేతనంతో పారిస్ వెళ్ళాడు. 1905లో మాతీస్ చిత్రం చూసి పచ్చి రంగుల బాట పట్టాడు. పేరు కొంత వచ్చింది గాని బొమ్మలు అమ్ముడు కాలేదు.

అప్పుడు కొయ్య చెక్కడం మొదలుపెట్టాడు. అపొలినేర్ అనే కవి జంతువుల మీద రాసిన పద్యాల పుస్తకానికి ఆయన చెక్కిన బొమ్మలు 1911లో వెలువడ్డాయి. అవి కూడా పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ పారిస్‌లో ఆడవారి దుస్తుల రూపకల్పనలో మహారాజులా వెలుగుతున్న పోల్ పువారే దృష్టి డూఫీ చెక్కిన బొమ్మల మీద పడింది. కాగితం మీద ఇంత బాగున్న అచ్చు బట్ట మీద ఎలా ఉంటుందని ఆయన ఆలోచన. ఇద్దరూ కలిసి 1911లో చిన్న వర్క్‌షాపు పెట్టారు. రంగులు కలపడానికి ఒక కెమిస్టు, అచ్చులు చెక్కడానికి డూఫీ. అక్కడ అచ్చయిన బట్టతో పువారే కుట్టించిన కోటు ఒకటి నేటికీ న్యూయార్క్ మ్యూజియంలో ఉంది.

ఇక్కడ మన ఊసు కొంచెం ఎత్తక తప్పదు. కొయ్య అచ్చుతో బట్ట మీద పువ్వు వేయడం ఫ్రాన్సువారికి మన దేశపు బట్టలు నేర్పిన రుచి. మచిలీపట్నంలో వారికి 1669 నుంచే వర్తకస్థావరం ఉండేది. ఇక్కడి నుంచి వెళ్ళిన అద్దకం బట్టలకు అక్కడ ఎంత గిరాకీ అంటే, తమ నేతగాళ్ళు చెడిపోతున్నారని 1686లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. డూఫీ మచిలీపట్నం పేరు విన్నాడో లేదో గాని, ఆయన చేపట్టిన పని మాత్రం పెడన అద్దకపువారికి చిరపరిచితమే. గీతకు ఒక అచ్చు, రంగుకు ఇంకో అచ్చు. రెండోది వెంట్రుకవాసి జరిగితే రంగు గీత దాటుతుంది.

1912లో లియోన్‌కు చెందిన పట్టుబట్టల కంపెనీ బియాంకీనీ-ఫెరియే పెద్ద వర్క్‌షాపుతో, మంచి జీతంతో పిలిచింది. పువారే అడ్డుచెప్పలేదు. 1928 దాకా డూఫీ ఆ కంపెనీకి డిజైన్లు వేశాడు. గుర్రాలు, ఏనుగులు, గులాబీలు, శంఖాలు, పంటకోతలు అన్నీ చీనాంబరాల మీదికి ఎక్కాయి. ఇతను అలంకారాల మనిషి, అసలు చిత్రకారుడు కాడని పెదవి విరిచినవారు లేకపోలేదు. నాకు ఆ మాట నచ్చదు. జీతానికి చేసిన పని చేతికి ఏమీ నేర్పదనుకోవడం, జీతానికి పనిచేయని వారి అభిప్రాయం.

చూడండి, ఆయన నీటి రంగుల చిత్రాల్లో పడవ గీత ఒకచోట, దాని ఎరుపు కాస్త పక్కన ఉంటుంది. ఓడరేవులో ఎర్రగౌనుతో పరుగెత్తే పిల్లను చూసి, మనిషి ఆకారం కంటే రంగే కంట్లో ఎక్కువసేపు నిలుస్తుందని గ్రహించానని ఆయన చెప్పుకున్నాడట. నిజమే కావచ్చు. అయితే అంతకు ముందే ఏళ్ళ తరబడి గీత అచ్చునూ రంగు అచ్చునూ విడదీసి చూసిన కన్ను అది. బట్టల పని లేకపోతే ఆ పడవ అలా వచ్చేది కాదని నా నమ్మకం.

పువారే కథ వేరు. 1925 పారిస్ ప్రదర్శనకు సీన్ నది మీద మూడు పడవలు అలంకరించాడు, ఒకదానికి డూఫీ 14 తెరలు వేశాడు. ఆ ఖర్చుతో పువారే కోలుకోలేక 1944లో పేదరికంలోనే పోయాడు. పెన్షన్ లేని వృత్తి!

డూఫీకి 59వ ఏట, ఒకప్పుడు మనవాళ్ళం 58కే బల్ల ఖాళీ చేసిన వయసు దాటాక, పారిస్ కరెంటు కంపెనీ ఒక పని అప్పగించింది. 1937 అంతర్జాతీయ ప్రదర్శనలో విద్యుత్ భవనం గోడకు బొమ్మ. ఎత్తు 10 మీటర్లు, పొడవు 60. 250 చెక్క పలకల మీద సుమారు పది నెలల్లో పూర్తిచేశాడు, తమ్ముడు సాయం పట్టాడు. పేరు 'విద్యుత్ దేవకన్య'. పైన గ్రీకు దేవతలు, నడుమ పవర్ హౌస్ జనరేటర్లు, కింద వందకు పైగా శాస్త్రవేత్తలు. మనం మీటర్ల మీద చదివిన ఆంపియర్, వోల్టా మొదలు ఎడిసన్, మేడమ్ క్యూరీ వరకు అందరూ వరసగా ఉంటారు. మనుషులను ముందు బట్టలు లేకుండా గీసి, ఆ తర్వాత ఎవరి కాలపు దుస్తులు వారికి తొడిగాడు. బట్ట ఒంటి మీద ఎలా పడుతుందో తెలిసినవాడి పద్ధతి అది. రంగు కూడా ఒక కెమిస్టు తయారుచేసిన పలుచటి నూనె రంగు. అంత పెద్ద గోడ కూడా నీటి రంగుల కాగితంలా తేలికగా కనిపిస్తుంది.

అప్పటికే కీళ్ళవాతం మొదలైంది. వేళ్ళు వాచి తెల్లవారుజామున చొక్కా గుండీ పెట్టుకోలేని మిత్రులు మనలోనూ ఉన్నారు, ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. యుద్ధకాలంలో పెర్పిన్యాన్ అనే ఊళ్ళో వైద్యం చేయించుకుంటూ, కర్రలు పట్టుకుని నడుస్తూ, నీటి రంగులు మాత్రం వదల్లేదు. 1948లో అమెరికాలో కార్టిజోన్ ఈ జబ్బుకు తొలిసారి వాడారు. 1950లో బోస్టన్ వైద్యులు డూఫీని పిలిచి ఆ మందు ఇచ్చారు. చక్రాల కుర్చీలో వెళ్ళినవాడు లేచి నడిచాడు, కుంచె మళ్ళీ పట్టు చిక్కింది. 1952లో వెనిస్ ప్రదర్శనలో చిత్రకళకు అగ్ర బహుమతి వచ్చింది. 1953 మార్చి 23న కన్నుమూశాడు.

పెద్ద బొమ్మను 1964లో పారిస్ నగర ఆధునిక కళా మ్యూజియంలో అమర్చారు. అయితే అంతకు ముందే, ఆఖరి ఏళ్ళలో, డూఫీ దాన్ని తానే మళ్ళీ చిన్నదిగా వేసుకున్నాడు. 60 మీటర్ల గోడ రాతి అచ్చులో పది కాగితాలయింది. ఆ పది కాగితాలు అచ్చయి వచ్చింది 1953లో, ఆయన పోయిన ఏడే.