పుల్లరి నుంచి బందెల దొడ్డి దాకా: పల్నాటి మందల జ్ఞాపకాలు

ప్రత్యేక సంచికకు పాత రోజుల చరిత్ర ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు రెండుసార్లు ఇంటికి వచ్చి మరీ అడిగారు. ముప్ఫయ్యారేళ్ళు గుమాస్తాగా నోటుఫైళ్ళు రాసినవాణ్ణి, చరిత్ర రాసేంత చదువు నాకు లేదు. అయితే మా ఇంట్లో మూడు తరాలవాళ్ళు పశువుల మందతోనూ, ఆ మంద మీదకు వచ్చిన సర్కారు కాగితాలతోనూ బతికారు. అందులో ఒక కాగితం నా చేత్తోనే రాశాను. దాని సంగతే ఇది.

మాది పల్నాడు, దుర్గి వైపు ఒక చిన్న ఊరు. అప్పుడు గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పల్నాడే ఒక జిల్లా అయింది. నేను పుట్టింది 1948లో. మా ప్రాంతానికి ఒక పక్క నల్లమల అడవి, ఇంకో పక్క కృష్ణ. కృష్ణ అవతలి గట్టు నిజాం ఇలాకా. 1956 నవంబరులో రెండు ప్రాంతాలూ కలిసేదాకా మా పెద్దవాళ్ళకు ఏరు దాటడమంటే రాజ్యం దాటడమే. ఈ రెండు హద్దుల మధ్య నాపరాళ్ళ నేల. జొన్న, సజ్జ, ఆముదం. అన్నీ వానను నమ్ముకున్న పంటలే. పంట పోయినా కొట్టంలో పశువుంటే సంసారం గడిచేది. మా తాత కాలంలో మందలో నూరు పశువులు ఉండేవట. నాకు బుద్ధి తెలిసేసరికి నలభై పైచిలుకు.

పుల్లరి అనే మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. అడవిలో పశువు మేసినందుకు కట్టే పన్ను. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తాతల నాటి నుంచి మేపుకుంటున్న అడవి రిజర్వు అయింది. పశువుకు ఇంత అని కట్టి చీటీ తీసుకుంటేనే లోపలికి తోలాలి. కరువు వచ్చినా కట్టాల్సిందే. 1921లో సహాయ నిరాకరణ నాడు పల్నాడు రైతులు పుల్లరి కట్టమన్నారు. పన్ను వసూలుకు వచ్చిన ఉద్యోగులకు చాకలి, మంగలి, కూరానారా ఏదీ అందకుండా ఊళ్ళకు ఊళ్ళే కట్టుబాటు చేశాయి. మాకు దగ్గరలోని మించాలపాడులో కన్నెగంటి హనుమంతు గారు ఆ ఉద్యమానికి ముందు నిలబడి, 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలైపోయారు. ఆ ఏడు మా తాత మంద కూడా బందెల దొడ్డికి పోయిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన హనుమంతు పేరు పలికి ఒక్క నిమిషం ఆగేవాడు. తరవాత మందను ఎట్లా విడిపించుకున్నదీ మాత్రం ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. కట్టే ఉంటాడని నా అనుమానం.

ఏరువాక సాగి పైర్లు పైకి లేచాక ఊళ్ళో పశువుకు చోటుండదు. అరక ఎడ్లను, ఇంటి పాడికి రెండు బర్రెలను ఉంచుకుని, మిగిలిన ఆవులు, పెయ్యలు, కోడెలు అన్నిటినీ నల్లమలకు తోలేవాళ్ళం. మూడు నాలుగు ఊళ్ళ పశువులు కలిసి వెల్దుర్తి మీదుగా సాగేవి. ఏ పశువు ఎవరిదో వాతను బట్టి తెలిసేది. మాది కుడి తొడ మీద రెండు అడ్డగీతలు. పారిపోయే అలవాటున్న కోడెకు మెడలో గుదికొయ్య కట్టేవాళ్ళు. ముందు నడిచే ముసలి ఆవుకు గంట. ఆ గంట వినిపిస్తే చాలు, మిగిలినవి కళ్ళు మూసుకుని నడిచేవి. తిరిగి రావడం సంక్రాంతి ముందే.

1959లో, పదకొండో ఏట, బడి ఎగ్గొట్టి నేనూ తాతతో వెళ్ళాను. అడవిలో వాగు పక్కన ముళ్ళకంప నరికి చుట్టూ దడి కట్టి, రాత్రిళ్ళు మందను లోపల పెట్టేవాళ్ళు. దగ్గరి పెంటలోని చెంచులు ఇద్దరు మాకు తోడుండేవాళ్ళు. వాళ్ళకు మేమిచ్చేది పాలు, జొన్నలు. ఏ మడుగులో నీళ్ళున్నాయో, ఏ దారిన పోకూడదో వాళ్ళు చెప్పినట్టు వినాల్సిందే. ఒక రాత్రి మంద ఒక్కసారిగా నెమరు ఆపేసింది. నలభై పశువులు నెమరు ఆపితే ఎంత నిశ్శబ్దమో విన్నవాడికే తెలుస్తుంది. తాత లేచి నెగడులో మోడు విసిరాడు. చెంచాయన రేకు డబ్బా వాయించాడు. తెల్లారి చూస్తే దడి ఒక చోట విరిగి ఉంది. ఒక దూడ లేదు. నాకు ఏడుపొచ్చింది. తాత మాత్రం, "సర్కారు పుల్లరి ఒకటి, పులి పుల్లరి ఒకటిరా అబ్బాయ్. దీనికి రసీదు ఇయ్యరు, అంతే తేడా" అన్నాడు.

పులి కంటే రోగానికే ఎక్కువ భయం. గాలికుంటు వస్తే పశువు చిక్కిపోయేది, ముసర వస్తే మందే తుడిచిపెట్టుకుపోయేది. ఆ ముసర రోగం ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయిందని 2011లో ప్రకటించినప్పుడు నేను పేపరు పట్టుకుని మా వీధి అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. ఎవరికీ పెద్దగా పట్టలేదు.

అడవిలో కాచిన నెయ్యి డబ్బాలకెత్తి మాచర్ల తెచ్చేవాళ్ళం. మాచర్ల అంటే అప్పుడు మా లోకానికి చివరి ఊరు. గుంటూరు నుంచి మీటరుగేజి రైలు అక్కడికొచ్చి ఆగిపోయేది. ఆ తరవాత అడవి. చెన్నకేశవస్వామి గుడి, చంద్రవంక వాగు, పల్నాటి వీరుల కథలు, నాలుగు కొట్లు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశాక ఊరి ముఖమే మారింది. సిమెంటు లారీలు, ఇంజనీర్ల జీపులు, పాలమూరు నుంచి తట్టా బుట్టా, పిల్లా జెల్లాతో దిగిన కూలీలు. టెంటు సినిమా వచ్చింది. నేను మొట్టమొదట పూరీ తిన్నది అక్కడి కాఫీ హోటల్లోనే. కోమటి శెట్టిగారు మా నెయ్యి చుక్క ముంజేతి మీద రాసి వాసన చూసి, పెదవి విరిచి, ఆఖరికి మేమడిగిన ధరే ఇచ్చేవాడు. డ్యాము మీద అంతమంది జనానికి పాలూ నెయ్యీ కావాలి మరి. ఆ పన్నెండేళ్ళూ మా మందకు మంచి రోజులు. మా మేత బీళ్ళ మీదకు నీళ్ళు తెచ్చేది ఆ డ్యామేనని అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. నాలుగైదేళ్ళలో బీళ్ళన్నీ మడులయ్యాయి. మంద నడిచే డొంకలు రెండు వైపుల నుంచీ సన్నబడి, కొన్ని చోట్ల గట్లలో కలిసిపోయాయి. కాలువ దాటాలంటే వంతెన దాకా పోవాలి. వంతెనకు అటూ ఇటూ వరే. పశువుకు వరి ఎవరిదో ఏం తెలుసు?

నేను 1970లో ఉద్యోగంలో చేరాను. 1972లో ఒక పంచాయతీ ఆఫీసులో ఉండగా బందెల దొడ్డి రసీదు పుస్తకం నా సొరుగులో ఉండేది. చేనులో పడ్డ పశువును పట్టినవాడు దొడ్డికి తోలతాడు. సొంతదారు జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే వేలం. 1871 నాటి చట్టం. శ్రావణమాసంలో ఒకరోజు తలెత్తి చూస్తే, ఇద్దరి వెనకాల వరసలో మా నాయన నిలబడి ఉన్నాడు. ఏడు ఆవులు. వరి ఎవరిదో కాదు, మా సొంత మేనమామదే. కుర్చీ వేయించబోతే వద్దన్నాడు. డబ్బు నేను కడతానన్నాను. "నువ్వు బల్లకు అటు పక్కనున్నావు, నేను ఇటు పక్కన. కట్టేది నేనే. రాయి నాయనా" అన్నాడు. పేరు రాశాను. తండ్రి పేరు అన్నచోట తాత పేరు రాశాను. జరిమానా, మేత కలిపి పదిహేడు రూపాయల చిల్లర. నాయన రసీదు చదివించుకుని, మడిచి, రుమాలు కొసన కట్టుకున్నాడు.

మరుసటేడు సంక్రాంతికి ముందే మందను సంతకు తోలారు. నేను సెలవు పెట్టలేదు. పెట్టవచ్చు, పెట్టలేదు.

కాలువ మాకు అన్యాయం చేసిందని మాత్రం అనను. మాకూ మూడెకరాలు తడిసింది. జొన్నసంకటి పోయి వరన్నం వచ్చింది. చెల్లెళ్ళిద్దరి పెళ్ళిళ్ళు ఆ పంట మీదే జరిగాయి. 1983లో నల్లమల పులుల రక్షిత ప్రాంతమయ్యాక మేపు ఎటూ తగ్గేదే. ఇంకో వింత చూడండి. మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ పోయి, నెల్లూరు పేరు మీద నెలోర్ అయ్యి, అక్కడి మైదానాల్లో కోట్ల లెక్కన మేస్తున్నాయి. టెక్సాసులో ఉన్న మా మనవడు మూపురం ఉన్న ఆవుల ఫోటో పంపి, "తాతయ్యా, ఇవి మనవేనా?" అని అడిగాడు. వాటిలోనూ నెల్లూరు రక్తం ఉందని రాశాను. వాత ఎక్కడుందో చూడమని కూడా రాశాను.

నాయన పోయాక పెట్టెలో ఆ రసీదు దొరికింది. ఇంకు వెలిసింది గాని నా సంతకం తెలుస్తోంది. దాని కింద, అంతకంటే పాతది, చెదలు కొట్టిన పుల్లరి చీటీ ఒకటి ఉంది. ఏ సంవత్సరమో తెలిసే మూల చిరిగిపోయింది. ఆ రోజుల్లో మాచర్ల, సాగరు వైపు పనిచేసి, పాత పుల్లరి చీటీల నమూనా ఎరిగిన మిత్రులెవరైనా మన సంఘంలో ఉంటే, పింఛను పనికి వచ్చినప్పుడు ఒక్కసారి నన్ను కలిస్తే చూపిస్తాను.